కరిచిన కుక్కను తోటకు పంపాలా, మరో ఇంటికి ఇవ్వాలా?

మా భీముడు జర్మన్ షెపర్డ్. వయసు ఏడేళ్లు, బరువు ముప్పై ఆరు కిలోలు. నాలుగేళ్ల మా తమ్ముడి కొడుకు వాడి నడుము మీదకు ఎక్కబోతే గబుక్కున తిరిగి చెయ్యి కరిచాడు. పంటి గాట్లు లోతుగా దిగాయి. సబ్బుతో కుళాయి కింద పావుగంట కడిగి, నల్లగొండలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. గాయం చుట్టూ రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యూనోగ్లోబులిన్ మందు ఇచ్చారు. ఆ రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో రేబిస్ టీకా సూదులు.

కుక్కకు టీకాలు వేయించి ఉన్నా పది రోజులు కళ్లెదుటే కట్టి ఉంచి గమనించమన్నారు. కరిచినప్పుడు దాని లాలాజలంలో రేబిస్ ఉండి ఉంటే ఆలోపు జబ్బు బయటపడుతుందట. ఆ గడువే లేకపోతే మరునాడే ఎవరికో ఒకరికి అప్పజెప్పేవాళ్లం.

సాగర్ రోడ్డులో దూరంగా వదిలేసి రమ్మన్నవారూ ఉన్నారు. పెంచుకున్న జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా మాకు చేతులు రావు.

ఇంట్లోనే ఉంచుకోవచ్చా? ఎక్స్‌రే తీస్తే తుంటి కీళ్లు అరిగాయని తేలింది. ఈ జాతిలో ఇది తరచూ వచ్చే బాధే. అంటే పిల్లవాడి మీద కోపం కాదు, నొప్పి. మందులతో తగ్గుతుంది. కానీ నాలుగేళ్ల వాడికి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు, ఉమ్మడి ఇంట్లో గేటు గడియ ఎవరో ఒకరు మరిచిపోతారు. ఉంచుకోవాలన్న ఆశ నాకు అక్కడే పోయింది.

గుర్రంపోడు వైపు మా బాబాయికి బత్తాయి తోట ఉంది. “కుక్కకు తోటను మించిన చోటు ఏముందిరా, ఇచ్చెయ్” అన్నాడు. అందరికీ నచ్చింది, ముఖ్యంగా మా అమ్మకు. వెళ్లి చూశాను. పగలంతా మోటారు షెడ్డు దగ్గర గొలుసు, రాత్రి కాపలా. ఎండ నలభై దాటే ఊళ్లో ఆ ఒత్తు బొచ్చుతో రేకుల కింద! పైగా కాయ కోతకు కొత్త కూలీలు పిల్లలతో సహా వస్తారు. కట్టేసిన కుక్కకు తప్పుకునే దారి ఉండదు, నడుము నొప్పి ఎక్కడికీ పోదు. హాయిగా ఉంటాడని అనుకుంటే హాయి మాకే, వాడికి కాదు.

మిర్యాలగూడలో రిటైరైన దంపతులు ఉన్నారు. ఇంట్లో పిల్లలు లేరు, ఎత్తైన ప్రహరీ ఉంది, ఇదివరకు పెద్ద కుక్కలను పెంచినవారు. లోటు లేకపోలేదు: మనవలు వచ్చినప్పుడు వాడిని వేరే గదిలో ఉంచాలి. కరిచిన సంగతి చెప్పవద్దని అమ్మ బతిమాలింది. “చెబితే ఎవరు తీసుకుంటారురా?” అంది. కానీ పెంచేవారి నిర్లక్ష్యంతో జంతువు వల్ల మనుషుల ప్రాణానికి ముప్పు వస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అసలు సంగతి దాచి ఆ ముప్పును ఇంకొకరి గడపలో పెడతామా? ఫోనులో మొదటి మాటగా అదే చెప్పాను. అంతకుముందు అడిగిన రెండు కుటుంబాలు అక్కడే వెనక్కి తగ్గాయి.

వీరు తగ్గలేదు. టీకా కార్డు, ఎక్స్‌రే, మందులు, వాడి పాత దుప్పటి పట్టుకుని వెళ్లాం. పెద్దాయన భీముడిని నిమరబోయి చెయ్యి ఆపి అడిగారు: “ఏ వైపు ముట్టుకోకూడదు, బాబూ?”