బాపు కేసెట్లు పెన్‌డ్రైవ్‌లకు ఎక్కినయ్: హన్మకొండల ఒక పాత రిపేర్ షాపు గురించి

మా బాపు దగ్గర 11 కేసెట్లు ఉండె. అందుల నాలుగు, 1991 సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు టేప్ రికార్డర్ సంకల పెట్టుకొని పోయి ఆయనే రికార్డు చేసుకున్న ఒగ్గు కథ. మిగిలినయి సినిమా పాటలు, అప్పట్ల రికార్డింగ్ సెంటర్ల లిస్టు రాసిస్తే ఖాళీ కేసెట్ మీద ఎక్కిచ్చి ఇచ్చేటోళ్లు గద, అట్ల చేపిచ్చినయి, ఎక్కువ ఇళయరాజవే. టేప్ రికార్డర్ ఎప్పుడో పోయింది గని కేసెట్లు బీరువల చీరెల కింద భద్రంగ ఉన్నయ్.

పోయినేడు ఒక కాడ ఇస్తే (పేరు వద్దు) మిషిన్ టేపును నమిలేసి ముడతలు ముడతలు చేసి ఇచ్చిన్రు, బాపు ఏమనలేదు గని రెండు రోజులు సరిగ మాట్లాడలే. అందుకే ఈసారి నాలుగైదు చోట్ల అడిగి అడిగి హన్మకొండ చౌరస్తా దగ్గర సందుల ఉన్న ఈ షాపుకు పోయిన. బోర్డు మీద రేడియో టీవీ రిపేర్ అనే ఉంటది, కేసెట్ పని చేస్తడని ఎక్కడా రాసి ఉండదు, పైకెక్కి అడగాలె.

షాపు అన్న మొదట చేసిన పని నాకు నచ్చింది. కేసెట్ తీసుకొని సీద మిషిన్ల పెట్టలే. ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి చూసిండు. రెండిట్ల ప్యాడ్ ఊడిపోయింది చెల్లె అన్నడు. టేపు వెనుక సన్నటి స్ప్రింగు పట్టీ మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటది, టేపును మిషిన్ల సౌండు చదివే హెడ్‌కు ఆనిచ్చి పట్టుకునేది అదే, గమ్ము ఎండి ఊడిందంటే సౌండు బాయిల నుంచి వచ్చినట్టు వస్తది. నేనైతే ఆ కేసెట్లు ఖరాబైనయ్ అనుకున్న. ఆయన వేరే ఖాళీ కేసెట్ల స్క్రూలిప్పి ఆ ప్యాడ్లు తీసి వీటికి వేసిండు, పది నిమిషాల పని. తర్వాత హెడ్‌ను దూది పుల్లతోని ఆల్కహాల్ పెట్టి తుడిస్తే దూది మొత్తం గోధుమ రంగు. పాత టేపుల మీద పూత అట్ల రాలుతదట, అందుకే ప్రతి కేసెట్‌కు ముందు తుడుస్తడు.

ఇగ హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటది, అది తిప్పుకుంట చెవి పెట్టి వింటుండు, మసక మసకగ ఉన్న పాట ఒక్కసారి తెర తీసినట్టు తేటగైంది. ఎట్ల అన్న అంటే చెప్పిండు. టేపు మొత్తం వెడల్పే 3.81 మిల్లీమీటర్లు, అందులనే ఏ సైడు, బి సైడు, మళ్ల ఒక్కో సైడుకు లెఫ్టు, రైటు, నాలుగు గీతలు ఇరికిచ్చిన్రు, రికార్డు చేసిన మిషిన్ హెడ్ ఏ వంపుల ఉండెనో వినే మిషిన్ హెడ్ కూడ అదే వంపుల ఉండాలె, కొంచెం తేడా పడ్డా ముందుగాల పోయేది సన్నటి సౌండ్లే, తాళాలు, గజ్జెలు, పాడేటోళ్ల స, శ లు. పదకొండు కేసెట్లు ఒకే కాడ చేసినయి కావు, పదకొండు సార్లు తిప్పిండు ఆ స్క్రూ.

ఇక్కడ నేనొక మాటన్న, అన్నా టేపు వెనుక వచ్చే ఆ స్... అనే శబ్దం మొత్తం తీసెయ్, నీట్‌గ ఉండాలె. ఆయన "తీస్త చెల్లె, ముందు రెండూ విను" అని హెడ్‌ఫోన్ ఇచ్చిండు. మొత్తం తీసినదాంట్ల స్ లేదు, నిజమే, కని ఒగ్గు కథల తాళాల గలగల కూడ లేదు, నీళ్లల్ల మునిగి పాడినట్టుంది. ఎందుకంటే ఆ స్ ఉండే కాడనే తాళం మోత కూడ ఉంటది, సాఫ్ట్‌వేర్‌కు ఏది టేపుదో ఏది మనిషిదో తెల్వదు, రెండు కలిపి ఊడుస్తది. లైట్‌గ తగ్గిచ్చి వదిలెయ్ అన్న. ఇప్పుడు వింటే ఆ స్ ఉన్న సంగతే మర్చిపోతం.

అసలు చెప్పాలనుకున్నది ఇదీ. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా కథకుని గొంతు లోపలికి పోయినట్టయి, డోలు ఆగంగనే మెల్లగ పైకొస్తది, దాంతోని జనం గోల, దూరంగ ఎక్కడిదో మైకు సౌండు, అన్నీ పైకొస్తయ్. కేసెట్ ఖరాబేమో అనుకున్న. కాదట, ఆ కాలం ఇంటి టేప్ రికార్డర్లల్ల సౌండు లెవల్ దానంతటదే సర్దుకునే సర్క్యూట్ ఉండేది, పెద్ద సౌండొస్తే తొక్కుతది, నిశ్శబ్దమైతే చెవులు రిక్కిచ్చినట్టు లెవల్ పెంచుతది. 23వ నిమిషంల కథకుడు ఊపిరి తీసుకునే సందుల లెవల్ పైకి లేచి మా బాపు గొంతు వినబడ్డది, "పిల్లగాన్ని ఎత్తుకో, వానికి కనపడ్తలేదు" అని మా అమ్మతోని అంటుండు. ఆ పిల్లగాడు మా అన్న. ఇప్పుడు దుబాయ్‌ల ఉంటడు. ఆ రాత్రే ఫైలు పంపి 23వ నిమిషం విను అన్న, ఫోన్ చేసి శాన సేపు ఏం మాట్లాడలే, మళ్ల ఇంకో సారి వింట ఆగు అన్నడు.

ఇళయరాజ కేసెట్ల కాడ ఇంకో గంట కూసున్న. పాట మొత్తం వినకు, కింద బేస్ గిటార్ ఒక్కటే పట్టుకొని నడువు అన్నడు షాపు అన్న. ఇన్నేండ్లు జానకమ్మ గొంతే విన్న నేను, దాని కింద బేస్ గిటార్ వేరే పాట పాడుకుంట పోతుందని ఇప్పుడు తెలిసింది, ఆమె ఆగిన కాడ అది కదులుతది, ఆమె ఎత్తుకున్న కాడ తగ్గి దారిస్తది. అప్పట్ల హాలు నిండ వయొలిన్లోళ్లు, తబలోళ్లు కూసొని ఒకేసారి వాయించేటోళ్లు, ఒక్కరు తప్పినా అందరు మళ్ల మొదటికెళ్లి. నడుమ నడుమ వచ్చే టక్ టక్ టేపుది కాదు, రికార్డింగ్ సెంటరాయన ఎల్పీ రికార్డు నుంచి ఎక్కిచ్చిండు కాబట్టి ముల్లు దుమ్ముకు తగిలిన చప్పుడు అన్నడు. అది ఉంచమన్న.

ధర 90 నిమిషాల కేసెట్‌కు 300. ఎక్కువనిపిస్తది గని 90 నిమిషాల టేపు 90 నిమిషాలు నడవాల్సిందే, ఫాస్ట్‌గ చేసే కథ లేదు, పైన ఆయన చెవి పెట్టి కూసోవాలె. వేవ్ ఫైలు ఒక్కో కేసెట్‌ది దగ్గర దగ్గర 950 ఎంబీ వచ్చింది, ఎంపీ3 వేరేగ ఇచ్చిండు.

నచ్చనివి కూడ చెప్త. వారం అని 12 రోజులు చేసిండు, ఫోన్ ఎత్తడు. పాటలు విడివిడిగ కట్ చెయ్యలే, సైడు మొత్తం ఒక్క ఫైలు, పేర్లు నేనే ఒక ఆదివారం మొత్తం కూసొని రాసుకున్న. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పి ఉన్నోళ్లు ఎక్కలేరు, మా బాపు కింద చాయ్ బండి కాడనే కూసున్నడు, షాపు అన్ననే చిన్న ప్లేయర్ పట్టుకొని కిందికొచ్చి వినిపిచ్చిండు. బాపు హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకొని రెండో చెవిది నాకిచ్చి "గిదే బిడ్డ, గిదే" అన్నడు.

పోయేటోళ్లు కేసెట్లు బండి డిక్కీల పెట్టకండి, ఎండకు డొల్ల వంగుతది. కవర్ల మీద బాపులు, కాకలు రాసిన లిస్టులు ఉంటే అవి కూడ పట్టుకపోండి, పాటల పేర్లు దొరుకుతయ్. ఆదివారం షాపు బంద్. మా మేనత్త దగ్గర జనగామల ఇంకో ఆరు ఉన్నయట, వచ్చే వారం అవి తెచ్చి ఇస్త.