మెటల్ మొదలెట్టాలంటే ఎవరితో: సబ్బాతా, మెయిడెనా, మెటాలికానా?

విజయనగరంలో మెటల్, అంటే గిటార్ల మోతతో బరువుగా సాగే రాక్ సంగీతం, వినేవాళ్లు ఎంత తక్కువంటే, కాంప్లెక్స్ దగ్గర ఎవడైనా ఐరన్ మెయిడెన్ బ్యాండ్ గుర్తైన ఎడ్డీ బొమ్మ ఉన్న నల్ల టీషర్టులో కనబడితే ఊరూ పేరూ తెలియకపోయినా ఆగి మాట్లాడేస్తాం. కానీ కొత్తవాడికి ఏ బ్యాండ్ చెప్పాలన్న దగ్గర మాత్రం ఎవరి పార్టీ వాళ్లదే. ఎక్కువమంది మెటాలికా అంటారు. నేను ఒప్పుకోను.

మెటాలికాని తక్కువ చేయడం లేదు. 1981లో లాస్ ఏంజిలిస్‌లో మొదలై త్రాష్ అనే స్పీడు మెటల్‌ని ప్రపంచమంతా వినిపించిన బ్యాండ్ అది. అందులో పాడుతూ గిటార్ వాయించే హెట్‌ఫీల్డ్ కుడిచెయ్యి గమనించండి, ఎంత స్పీడులోనైనా తీగని పైకీ కిందకీ కాకుండా చాలావరకు కిందకే కొడతాడు, ఆ దెబ్బలో బరువు అక్కడిదే. కాకపోతే అలవాటు లేని చెవికి ఆ స్పీడులో ఏదీ విడిగా వినిపించదు, పక్కగదిలోంచి అమ్మ "ఏట్రా ఆ గోల?" అంటే చెప్పడానికి మనదగ్గరా జవాబుండదు. పోనీ నెమ్మదిగా ఉండే 1991 ఆల్బమ్‌తో మొదలెడితే చాలామంది అక్కడే ఆగిపోతారు.

బ్లాక్ సబ్బాత్ కథ వేరు. బర్మింగ్‌హామ్ కార్మికుల పిల్లలు. వాళ్ల గిటారిస్టు టోనీ అయోమీకి 17 ఏళ్లప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి, ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కేది ఆ చెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత వాటినీ వదులు చేసి శ్రుతి దించాడు. ఇవాళ మనం హెవీ అనే శబ్దంలో ఆ దించిన శ్రుతికి పెద్ద వాటా ఉంది.

1970 ఫిబ్రవరి 13న వచ్చిన మొదటి ఆల్బమ్‌లో మొదటి పాటే తీసుకోండి. కింది షడ్జం, పై షడ్జం, అక్కణ్నుంచి ఒక్కసారిగా దిగి ప్రతిమధ్యమం మీద వణుకుతూ నిలబడటం, అంతే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ వరస. మన సంగీత కళాశాల పిల్లలకి ఇది చిటికెలో పట్టుబడుతుంది. కల్యాణిలో గాంధారం మీదుగా మెత్తగా వచ్చే స్వరమే ఇక్కడ మెట్లు లేకుండా దూకేసరికి ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత ఈ బ్యాండ్‌లోకే పాడటానికి వచ్చిన డియో, దిష్టి తగలకుండా వాళ్ల ఇటాలియన్ నాయనమ్మ చూపించే వేళ్ల గుర్తుని స్టేజీ మీదకి తెచ్చాడు. మెటల్ ఫ్యాన్లందరూ ఎత్తే ఆ రెండు వేళ్లు అవే, మన నాయనమ్మలైతే ఉప్పూ మిరపకాయలతో పని కానిచ్చేస్తారు.

అయినా నా ఓటు మెయిడెన్‌కే. 1975లో లండన్‌లో స్టీవ్ హారిస్ పెట్టిన బ్యాండ్, బేస్ గిటార్ గుర్రం దౌడులా పోతుంటే పైన రెండు గిటార్లు ఒకే వరసని వేరే వేరే స్థాయిల్లో కలిపి పాడతాయి. మన చెవి ముందు వెతికేది వరసే కదా, ఇక్కడ వరస దొరుకుతుంది, బరువూ తగ్గదు. లైవ్ వీడియోల్లో చూడండి, మాటలు లేని గిటార్ బిట్‌ని కూడా వేలమంది నోటితో పాడేస్తుంటారు. ఇంగ్లీషు యాస అర్థం కాకపోయినా అందులో మనమూ కలిసిపోవచ్చు, ఫ్యాన్లు దీన్ని వదల్లేకపోవడానికి సగం కారణం అదే అనుకుంటాను. పైగా పాడే బ్రూస్ డికిన్సన్ 2008 టూర్‌కి బ్యాండ్ బోయింగ్ 757ని తనే నడిపాడు, ఇలాంటి మనిషికి ఫ్యాన్ కాకుండా ఎలా ఉంటాం?

సంగీతం నేర్చుకున్నవాళ్లయితే సబ్బాత్, మిగతా అందరికీ మెయిడెన్, ఈ రెండూ అయ్యాకే మెటాలికా 1986 ఆల్బమ్. గొంతు చించుకుని గర్జించే బ్యాండ్ల జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఇక లైవ్ అంటే ఎక్కువగా బెంగళూరే దిక్కు, మెయిడెన్ 2007లో, మెటాలికా 2011లో అక్కడే వాయించారు. మెటల్ షోకి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లడం మనలాంటివాళ్లకే చెల్లింది. అందాకా ఇయర్‌ఫోన్స్ మాత్రం కాస్త మంచివి కొనుక్కోండి, ఫోన్ స్పీకర్‌లో బేస్ అసలు వినపడదు.