బత్తాయి మిమోసాకి ఏ సీసా? బెంగళూరులో దొరికే మూడు బ్రూట్‌లు

మిమోసా కాక్‌టెయిల్‌లో పడేవి రెండే: చల్లటి స్పార్క్లింగ్ (బుడగల) వైన్, తాజా పండ్ల రసం. రెండిట్లో ఏది తేడా కొట్టినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. అయినా చాలా ఇళ్లలో సీసా కోసం నాలుగు షాపులు తిరిగి, రసం దగ్గరికొచ్చేసరికి ప్యాకెట్ కత్తిరించి పోసేస్తారు. అక్కడే పాడవుతుంది. ప్యాకెట్ రసం కాచినది. పైగా చాలావాటిలో చక్కెర కలిపి ఉంటుంది. అది పడ్డాక ఎంత మంచి వైన్ అయినా ఆరెంజ్ సోడాలాగే ఉంటుంది.

బెంగళూరులో మనకు సులువుగా దొరికేది బత్తాయి. హాప్‌కామ్స్ దుకాణాల్లో, మల్లేశ్వరం సందుల్లో, మార్తహళ్లి తోపుడు బళ్ల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. అందుకే ఈ సమీక్షలో బత్తాయినే కొలబద్దగా పెట్టుకుని, మన వైన్ షాపుల్లో కనిపించే మూడు సీసాలు చూశాం: షాన్‌డన్ బ్రూట్, సూలా బ్రూట్, జాంపా స్వారే బ్రూట్. బ్రూట్ అంటే తీపి బాగా తక్కువ ఉన్న రకం. మూడూ సీసాలోనే రెండోసారి పులియబెట్టే సంప్రదాయ పద్ధతిలో చేసినవే. అందుకే బుడగలు సన్నగా ఉండి, రసం పడ్డాక కూడా కాసేపు నిలబడతాయి.

బత్తాయిలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. కాబట్టి దాని పక్కన పెట్టే వైన్‌లో పులుపు గట్టిగా ఉండాలి. ఆ లెక్కన మూడింటిలో బత్తాయికి బాగా కుదిరింది జాంపా స్వారే. షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసింది, పచ్చి యాపిల్ కొరికినట్టు పులుపు ముందుకొస్తుంది. రసంలోని తీపిని అది లాగి పట్టుకుంటుంది. గ్రోవర్ జాంపా అనగానే నంది కొండల కింద దొడ్డబళ్లాపుర తోటలు గుర్తొస్తాయి కానీ, ఈ స్పార్క్లింగ్ మాత్రం నాసిక్ వైపుది.

షాన్‌డన్ కూడా నాసిక్ జిల్లా దిండోరిలో తయారయ్యేదే. షార్డనే, పినో న్వార్, షెనిన్ బ్లాంక్ ద్రాక్షలు కలిసిన వైన్. మూడింటిలో పొందికైనది ఇదే, బుడగ కూడా ఇంకాస్త సన్నన. కానీ ఆ పొందిక బత్తాయి రసం కింద సగం మునిగిపోతుంది. ముందు ఒక గ్లాసు ఉత్తదే తాగి, రెండో గ్లాసు నుంచి రసం కలుపుకుందాం అనుకునేవాళ్లకు షాన్‌డనే సరైనది. సూలా బ్రూట్ ఏ షాపులోనైనా దొరుకుతుంది, నోట్లో కాస్త నిండుగా ఉంటుంది. నాగపూర్ కమలాలు వచ్చే చలికాలంలో దాన్ని తీసుకోండి. కమలా రసంలోనే పులుపు ఉంటుంది కాబట్టి వైన్ అంత పదునుగా ఉండక్కర్లేదు.

లేబుల్ మీద ఒక తిరకాసు ఉంది. 'ఎక్స్‌ట్రా డ్రై' అని రాసి ఉంటే తీపి ఇంకా తక్కువ అనుకుంటాం. నిజానికి అది బ్రూట్ కన్నా తియ్యన. బ్రూట్‌లో లీటరుకు 12 గ్రాముల లోపు చక్కెర ఉంటుంది, ఎక్స్‌ట్రా డ్రైలో 12 నుంచి 17 దాకా. బత్తాయితో కలపడానికి బ్రూట్ తప్ప వేరేది వద్దు. రోజే రకం వైన్ కూడా వద్దు. పసుపు రసం, గులాబీ రంగు వైన్ కలిస్తే గ్లాసులో బురద రంగు తేలుతుంది. ఇటలీ స్పార్క్లింగ్ వైన్ ప్రొసెక్కో బాగుంటుంది కానీ, దిగుమతి సుంకంతో పెరిగిన ధర పెట్టి దాన్ని రసంలో ముంచడం మాకు నచ్చదు.

ఇక కొలతలు. బార్‌టెండర్ల అంతర్జాతీయ సంఘం లెక్క ప్రకారం మిమోసా అంటే రసం, వైన్ సగం సగం. 1921లో లండన్ బక్స్ క్లబ్‌లో పుట్టిన, ఇలాంటిదే అయిన బక్స్ ఫిజ్‌లో షాంపేన్ రెండు పాళ్లు, రసం ఒక పాలు. బత్తాయికి ఈ రెండో లెక్కే నప్పుతుంది. సగం సగం పోస్తే మన వీధి చివరి జ్యూస్ సెంటర్ గ్లాసులా తయారవుతుంది. గ్లాసుకు 100 మి.లీ. వైన్, 50 మి.లీ. రసం పెట్టుకుంటే 750 మి.లీ. సీసాకు 7 గ్లాసులు వస్తాయి, మిగతాది నురగలో పోతుంది. రసం 350 మి.లీ. కావాలి. మోస్తరు బత్తాయికి 60 నుంచి 70 మి.లీ. వస్తుంది కాబట్టి 6 కాయలు తెచ్చుకోండి. ప్రతి 100 మి.లీ. రసానికి ఒక టీస్పూను నిమ్మరసం కలపాలి, మొత్తానికి ఒకటి, రెండు నిమ్మకాయలు చాలు. ఈ నిమ్మ లేకపోతే ఏ సీసా పోసినా బత్తాయి మిమోసా చప్పగానే ఉంటుంది.

రసం తీయడంలోనే ఎక్కువమంది దెబ్బతింటారు. తొక్క ఒలిచి తొనలు మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదు దిగుతుంది. అడ్డంగా కోసి, చేత్తో పిండే జ్యూసర్ మీద తిప్పండి. తెల్ల పొర గీసుకుపోయేదాకా నొక్కొద్దు. పిండిన అరగంటలో వాడేయాలి. బత్తాయి పొరల్లో, గింజల్లో ఉండే ఒక పదార్థం పులుపు తగిలాక నెమ్మదిగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. పిండగానే తియ్యగా ఉన్న రసం రెండు గంటల తర్వాత నాలుక చివర చేదుగా తగిలేది అందుకే. రాత్రే పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుందామనే ఆలోచన మానుకోండి. కాయలనే రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున పిండేసరికి రసం చల్లగానే వస్తుంది. తర్వాత టీ వడపోతలో ఒకసారి వడకట్టాలి. పిప్పి ముక్కలుంటే వాటి చుట్టూ బుడగలు ఒక్కసారిగా పుట్టి నురగ పొంగిపోతుంది, గ్లాసు అడుగున గ్యాస్ మిగలదు.

సీసా 6 నుంచి 8 డిగ్రీల దాకా చల్లబడాలి. ఫ్రిజ్‌లో నాలుగు గంటలు పడుతుంది, కాబట్టి ఆదివారం బ్రంచ్‌కి శనివారమే కొని పెట్టుకోవాలి. తొందరైతే బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు కల్లుప్పు వేసి మెడదాకా ముంచితే అరగంట చాలు. ఉత్త ఐసు గడ్డల మధ్య గాలి ఉంటుంది కనుక ఆలస్యమవుతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగిలే ప్రమాదం ఉంది.

సీసా లోపల ఒత్తిడి 5, 6 అట్మాస్ఫియర్లు, అంటే కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైనే. పైరేకు తీశాక బొటనవేలు బిరడా మీదనుంచి తియ్యొద్దు. బిరడాను పట్టి ఉంచే వైరును ఆరు అర చుట్లు తిప్పితే వదులవుతుంది. వైరుతో సహా బిరడాను గట్టిగా పట్టుకుని, సీసాను 45 డిగ్రీలు వంచి, తిప్పాల్సింది సీసానే, బిరడాను కాదు. ఢామ్మని పేలిందంటే గ్యాస్, దాంతోపాటు అర గ్లాసు వైన్ పోయినట్టే. 'ఉస్స్' అని మెల్లగా రావాలి.

గ్లాసులో ముందు వైన్, తర్వాత రసం. గ్లాసు వంచి వైన్‌ను అంచు వెంట రెండు విడతలుగా పోసి, నురగ దిగాక రసాన్ని సన్నటి ధారగా వదలండి. చక్కెర వల్ల రసం బరువు, అదే అడుగుకు దిగుతూ కలిసిపోతుంది, చెంచా పెట్టక్కర్లేదు. రసం ముందు పోసి పైన వైన్ పోస్తే నురగ బల్ల మీదికి పొర్లుతుంది. జగ్గులో ముందే కలిపి పెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. బయట రెస్టారెంట్లో బ్రంచ్‌కి వెళ్లినా, జగ్గుతో తెస్తుంటే వైన్, రసం వేర్వేరుగా తెమ్మని అడగండి.

గ్లాసుల సంగతి చిన్నదే కానీ దెబ్బ పెద్దది. గిన్నెలు తోమే జెల్ పొర కాస్త మిగిలినా, నెయ్యి అంటిన వేలు అంచుకు తగిలినా నురగ కళ్లముందే కూలిపోతుంది. వేడినీళ్లతో కడిగి, పొడి నూలుగుడ్డతో తుడవండి. సన్నటి, పొడవాటి ఫ్లూట్ గ్లాసు కన్నా మామూలు వైట్ వైన్ గ్లాసులోనే పండు వాసన బాగా తెలుస్తుంది.

పంపర పనసతో చేయాలనుకుంటే మన పక్కనే దేవనహళ్లి చకోత ఉంది, జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న కాయ. చేదు పొరలు పూర్తిగా ఒలిచి తొనలే పిండాలి. వైన్ మూడు పాళ్లు, రసం ఒక పాలు, గ్లాసుకు ఒక టీస్పూను చక్కెర పాకం. దీనికి షాన్‌డన్ బత్తాయితో కన్నా బాగా కుదురుతుంది. రసం తక్కువ కాబట్టి వైన్ రుచి దాగిపోదు.

పక్కన ఏం పెట్టాలి? పునుగులు, మినప గారెలు, ఉప్మా పెసరట్టు. నూనె రుచిని పులుపు, బుడగ కడిగేస్తాయి. అల్లం పచ్చడి మాత్రం తియ్యగా, కారం తగ్గించి చేయండి. ఆల్కహాలు తగిలితే మిరప మంట ఇంకా రేగుతుంది. ఆవకాయ, గోంగూర ఉన్న పళ్లేనికి ఈ పానీయం చాలదు, పులుపు మీద పులుపై వైన్ నీళ్లలా అనిపిస్తుంది.

12 శాతం వైన్‌తో రెండుకు ఒకటి కలిపితే గ్లాసులో 8 శాతం ఆల్కహాలు ఉంటుంది. జ్యూస్‌లా జారుతుంది కానీ మామూలు బీరు కన్నా ఎక్కువే, బండి తియ్యొద్దు. తాగనివాళ్లకు అదే గ్లాసులో 50 మి.లీ. బత్తాయి రసం, 10 మి.లీ. నిమ్మరసం, 100 మి.లీ. చల్లటి సోడా పోసివ్వండి.

సీసా మిగిలితే మెడలో చెంచా పెడితే గ్యాస్ ఆగుతుందనేది వట్టి మాట. స్పార్క్లింగ్ వైన్ కోసమే అమ్మే బిగింపు మూత పెట్టి ఫ్రిజ్‌లో నిలబెడితే మర్నాటి సాయంత్రం దాకా పనికొస్తుంది. ఆ మిగిలిన వైన్‌లో అప్పటికి బుడగ తగ్గి ఉంటుంది, అందుకని రసం 30 మి.లీ. మించి పోయకండి.