వారానికి మూడు రోజులు డెడ్‌లిఫ్ట్ రాసిచ్చిన ప్రోగ్రామ్ కొని నడుము పాడు చేసుకున్నాను, మీరు కొనేముందు చూసుకోండి

"మీ కోసమే ప్రత్యేకంగా రాస్తాం" అని చెప్పి ఆన్‌లైన్‌లో అమ్మే 12 వారాల స్ట్రెంత్ ప్రోగ్రామ్ కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు దయచేసి ఇది చదవండి. నేను అలాంటిదే ఒకటి కొన్నాను. ఐదో వారంలో నడుము పట్టేసింది. మూడు రోజులు మంచం మీద పక్కకు తిరగడానికి కూడా ఇంట్లోవాళ్ల సాయం కావాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆరు వారాలు బార్ ముట్టుకోలేదు.

నేను కొత్తవాణ్ణి కాదు. రెండేళ్లుగా బరువులు ఎత్తుతున్నాను. డెడ్‌లిఫ్ట్‌లో (నేల మీది బార్‌ని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) నా గరిష్ఠం, అంటే ఒక్కసారి ఎత్తగలిగే అత్యధిక బరువు, 140 కిలోలు, అది చాలా నెలలుగా అక్కడే ఆగిపోయింది. స్క్వాట్‌కీ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) డెడ్‌లిఫ్ట్‌కీ రెండింటికీ నడుమే కావాలి కదా, వారంలో దేన్ని ఏ రోజు పెట్టుకోవాలో నాకు ఎప్పుడూ కుదిరేది కాదు. తెలిసినవాళ్లు రాసిస్తే ఆ టెన్షన్ పోతుందనుకున్నాను. ఆ పేజీ నిండా పెద్ద పెద్ద లిఫ్టర్ల ఫోటోలు. 2016లో ఎడ్డీ హాల్ 500 కిలోలు లేపింది, 2020లో హాఫ్‌థర్ బ్యోర్న్‌సన్ 501 కిలోలు లేపింది చూపించి "వాళ్ల పద్ధతే మీకూ" అని రాశారు. ఆ ఒక్క లిఫ్ట్ కోసం వాళ్లు ఎన్ని నెలలు సిద్ధమవుతారో నాకు అప్పుడు గుర్తు రాలేదు.

డబ్బు కట్టగానే ఒక ఫారం వచ్చింది. వయసు, బరువు, నిద్ర, పాత గాయాలు, వారానికి ఎన్ని రోజులు జిమ్‌కి వెళ్లగలరు, అన్నీ అడిగారు. "మూడేళ్ల క్రితం ఒకసారి నడుము పట్టేసింది, నిద్ర ఆరు గంటలే" అని ఉన్నది ఉన్నట్టు రాశాను. పది నిమిషాల్లో ప్రోగ్రామ్ వచ్చేసింది. ఆ పది నిమిషాలు చూసైనా నాకు అనుమానం రావాల్సింది.

అందులో వారం ఇలా ఉంది. సోమవారం డెడ్‌లిఫ్ట్, గరిష్ఠంలో 85 శాతంతో 5 సెట్లు, ఒక్కో సెట్‌కి 5 రెప్స్, అంటే వరుసగా ఐదుసార్లు ఎత్తడం. మంగళవారం హెవీ స్క్వాట్. బుధవారం మళ్లీ డెడ్‌లిఫ్ట్, 75 శాతంతో 8 రెప్స్ చొప్పున 3 సెట్లు. గురువారం ముందుకు వంగి బార్‌ని పొట్టవైపు లాగే బార్‌బెల్ రో. శుక్రవారం డెడ్‌లిఫ్ట్, 90 శాతంతో 5 సింగిల్స్, అంటే ఒక్కో రెప్ చొప్పున ఐదుసార్లు. శనివారం మళ్లీ స్క్వాట్. అంటే వారానికి 54 సార్లు డెడ్‌లిఫ్ట్, వార్మప్ కాకుండా. నా బరువులతో లెక్కేస్తే సోమవారం 3,000 కిలోలు, బుధవారం 2,520, శుక్రవారం 630. నడుముకి పని లేని రోజు ఒక్క ఆదివారమే.

సోమవారం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క కొనేముందు ఎవరైనా రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. ఎన్ని రెప్స్ లేపారో దాన్నిబట్టి గరిష్ఠాన్ని అంచనా వేయడానికి ఎప్లీ సూత్రం అని ఒకటి ఉంది. రెప్స్‌ని 30తో భాగించి, దానికి 1 కలిపి, లేపిన బరువుతో గుణించాలి. నా 140లో 85 శాతం సుమారు 120 కిలోలు. 120 కిలోల్ని 5 సార్లు లేపితే ఆ సూత్రం చెప్పే గరిష్ఠం సరిగ్గా 140. అంటే 120తో 5 రెప్స్ అనేది ఒళ్లంతా ఊడ్చి ఒక్కసారి చేయగలిగే సెట్. అలాంటివి ఒకే రోజు ఐదు రాశారు. ఇక శుక్రవారం. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో కూడా డెడ్‌లిఫ్ట్‌కి మూడే ప్రయత్నాలు ఇస్తారు. నాకు ప్రతి శుక్రవారం 90 శాతంతో ఐదు, అప్పటికే నాలుగు రోజులుగా అలసిపోయిన నడుముతో.

మొదటి రెండు వారాలు ఉత్సాహంతో గడిచిపోయాయి. మూడో వారం నుంచి పొద్దున లేచి వంగి చెప్పులు వేసుకోవడం కష్టమైంది. నాలుగో వారం ఎప్పుడూ జారని బార్ చేతిలోంచి జారడం మొదలైంది. నిద్ర పాడైంది. ఇవి ఒంటికి విశ్రాంతి చాలడం లేదని చెప్పే గుర్తులని ఇప్పుడు తెలుసు, అప్పుడు నేనే బద్ధకిస్తున్నాననుకున్నాను. వీడియో తీసి ప్రోగ్రామ్ అమ్మినవాళ్లకు పంపాను. నాలుగు రోజులకు జవాబొచ్చింది: "ఫామ్ తప్పు. ఆపకండి, శరీరం అలవాటు పడుతుంది." ఫామ్, అంటే ఎత్తే తీరు, తప్పిన మాట నిజమే. నాలుగో సెట్ నుంచి నా వీపు గుండ్రంగా వంగిపోతోంది, వీడియోలో నాకే కనిపించింది. కానీ మొదటి సెట్‌లో నిటారుగా ఉన్న వీపు నాలుగో సెట్‌లో వంగుతోందంటే తగ్గించాల్సింది బరువో సెట్లో కదా. కోచ్ అన్నవాళ్లు చెప్పాల్సిన మొదటి మాట అదే.

ఐదో వారం సోమవారం, మూడో సెట్ రెండో రెప్‌లో పట్టేసింది. డాక్టర్, ఫిజియోథెరపిస్ట్ ఇద్దరూ చూశారు. కండరం దెబ్బతింది కానీ నరం మీద ఒత్తిడి పడ్డ లక్షణాలు లేవన్నారు. మీలో ఎవరికైనా నడుము నొప్పితో పాటు కాలు బలహీనపడినా, తొడల మధ్య భాగం మొద్దుబారినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్క గంట కూడా ఆగకండి, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లండి.

మంచం మీద ఉన్నప్పుడే ఇంకో సంగతి బయటపడింది. నాతోపాటు అదే చోట కొన్న ఒక మిత్రురాలు తన ప్రోగ్రామ్ పంపింది. ఆమె బరువులు ఎత్తడం మొదలుపెట్టి ఐదు నెలలే. పైన పేరు తప్ప శాతాలు, సెట్లు, రోజులు అన్నీ నావే. ఫారంలో మేం రాసినవి ఎవరూ చదవలేదు. డబ్బు వెనక్కి అడిగితే "డిజిటల్ వస్తువుకి రీఫండ్ లేదు" అన్నారు.

ఇప్పుడు నేను చేస్తున్నది చెబుతాను, పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. హెవీ డెడ్‌లిఫ్ట్ వారానికి ఒక్క రోజే, గురువారం. హెవీ స్క్వాట్ సోమవారం, కాబట్టి మధ్యలో నడుముకి రెండు రోజులు దొరుకుతాయి. 60 కిలోలతో వార్మప్ మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ 120తో 3 రెప్స్ ఒక్క సెట్, ఇంకో రెండు రెప్స్ మిగిలి ఉండగానే ఆపేస్తాను. తర్వాత 100తో 5 రెప్స్ చొప్పున రెండు సెట్లు. అంతే. సోమవారం స్క్వాట్ అయ్యాక తేలికగా 60 కిలోల రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్లు కొద్దిగానే వంచి, బార్ నేలకి దించకుండా చేసేది). రో కావాలంటే ఛాతీని బెంచ్‌కి ఆనించి చేస్తాను, అప్పుడు నడుము మీద భారం పడదు. ప్రతి ఐదో వారం డీలోడ్, సెట్లు సగానికి తగ్గిస్తాను. తిరిగి మొదలుపెట్టిన రోజుల్లో ఫిజియో నేర్పిన చిన్న సంగతి ఒకటుంది. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు, వాటితో బార్ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. తేలిక బరువని చిన్న ప్లేట్లు వేస్తే బార్ ఇంకా కిందికి పోయి ఎక్కువ వంగాల్సి వస్తుంది. అందుకే కింద దిమ్మలు పెట్టి ఆ ఎత్తుకి తెచ్చుకున్నాను.

మీరు ఏ ప్రోగ్రామ్ కొన్నా ముందు ఒక వారం పట్టిక చూపించమని అడగండి. చూపించనంటే అక్కడే వదిలేయండి. చూపిస్తే హెవీ డెడ్‌లిఫ్ట్ ఎన్ని రోజులుంది, పక్క రోజు స్క్వాట్ ఉందా, డీలోడ్ ఏ వారం, రెప్ తప్పితే బరువు ఎంత తగ్గించమన్నారు, ఇవి వెతకండి. నా దాంట్లో చివరి రెండింటి ఊసే లేదు. ఇప్పటికే ఇలాంటి ప్రోగ్రామ్ మధ్యలో ఉన్నవాళ్లు కనీసం బుధ, శుక్రవారాల డెడ్‌లిఫ్ట్ ఈ వారమే మానేయండి.

ఇంకొకటి. నేను కొన్న రోజు ఆ పేజీలో "ప్రతి వారం మీ పురోగతి చూసి ప్రోగ్రామ్ మారుస్తాం" అని స్పష్టంగా ఉంది. నేను ఫిర్యాదు చేసిన వారానికి ఆ వాక్యం మాయమైంది. నా దగ్గర స్క్రీన్‌షాట్ లేదు. మీరు మాత్రం డబ్బు కట్టేముందే పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి.