ఎలీజ్‌లో వేల్స్: దారంతా హాయి, ఆగితేనే తిప్పలు

వేల్స్ వెళ్లే మనవాళ్లు చాలామంది స్నోడన్ కొండ ఎక్కి, లాన్‌డడ్నో బీచ్‌లో ఓ సాయంత్రం గడిపి, దారిలో ఒకటో రెండో కోటలు చూసి తిరిగొస్తారు. నేనూ మా బావమరిదీ వెళ్లింది మాత్రం రోడ్ల కోసం. కారు లోటస్ ఎలీజ్ 111ఆర్ అనే చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇరవై ఏళ్ల పాత బండి, రెండే సీట్లు, గుడ్డ టాపు. అందుకే ఈ ప్రయాణంలో హోటళ్లకి మార్కులు పరుపు మెత్తదనాన్ని బట్టి పడలేదు. గేటు దగ్గర వాలు ఎంత, పార్కింగ్‌లో కంకర ఎంత మందం అన్నదాన్ని బట్టి పడ్డాయి.

ముందు బండి సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాదంతా చాదస్తంలా కనిపిస్తుంది. దీని బరువు 860 కిలోల ప్రాంతం. ఇప్పుడు మామూలు ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాకే 1300 కిలోల దగ్గర తూగుతుంది. అల్యూమినియం ముక్కల్ని వెల్డింగ్ లేకుండా జిగురుతో అతికించి చాసిస్, అంటే బండి అస్థిపంజరం, చేశారు. మొదటి తరం ఎలీజ్‌లో ఆ చాసిస్ బరువు 68 కిలోలే, మా బావమరిది కంటే తేలిక. పైన ఫైబర్‌గ్లాస్ బాడీ, సీట్ల వెనక 1.8 లీటర్ల టయోటా ఇంజిన్, 189 హార్స్‌పవర్. స్టీరింగ్‌కి పవర్ సాయం లేదు. పవర్ పెంచడం కంటే బరువు తగ్గించడం మీదే దృష్టి పెట్టాలన్నది లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్మన్ పట్టుదల. ఆయన 1982లో పోయినా, 1996 నుంచి 2021 దాకా తయారైన ఎలీజ్‌లో ఆ పట్టుదల అలాగే కనిపిస్తుంది. 

ఇంగ్లండ్ నడిమి ప్రాంతమైన మిడ్లాండ్స్ వైపు నుంచి ఏ44 రోడ్డు మీదుగా రెయాడర్ చేరాం. ఊరి పక్కన గిగ్రిన్ ఫామ్‌లో మధ్యాహ్నం పూట రెడ్ కైట్ గద్దలకి మాంసం వేస్తారు. ఒక్కసారిగా వందల గద్దలు నెత్తిమీద తిరుగుతాయి. పిల్లలున్నవాళ్లు తప్పక చూడొచ్చు. అక్కణ్ణుంచి ఎలాన్ వ్యాలీ. బర్మింగ్‌హామ్ నగరానికి నీళ్లివ్వడానికి 1893లో ఇక్కడ డ్యాముల పని మొదలుపెట్టారు, 1904లో తొలి దశ పూర్తయింది. 73 మైళ్ల దూరం ఆ నీళ్లు పంపులు లేకుండా వాలు మీదే వెళ్లిపోతాయి. డ్యాములు ఎంత బాగున్నా మా కళ్లు మాత్రం వాటి వెనకున్న దారి మీదే. రిజర్వాయర్లు దాటాక కుమిస్ట్విత్ వైపు కొండల్లోంచి పోయే రోడ్డు ఉంది. కంచె లేదు, ఇళ్లు లేవు. గొర్రెలు రోడ్డు మీదే పడుకుంటాయి.

ఆ రోడ్డు మీద ఎలీజ్‌లో 40 మైళ్ల వేగం దాటాలని అనిపించదు. అసలు విషయం ఇదే. బరువైన, బలమైన కార్లలో మజా మొదలయ్యేసరికి మీటరు లైసెన్సు పోయేంత పైకి వెళ్లిపోతుంది. ఇందులో 35 దగ్గరే చేతికి పని దొరుకుతుంది. రోడ్డు మధ్యలో తారు కొంచెం ఉబ్బి ఉంటే స్టీరింగ్ వేళ్ల మధ్యలో కదులుతుంది. ముందు చక్రం తడి ఆకుల మీదకి వెళ్తే స్టీరింగ్ ఒక్క క్షణం తేలికవుతుంది, ఆకులు దాటగానే మళ్లీ బిగుస్తుంది. మలుపులోకి వెళ్లేముందు బ్రేకు మీద పాదం పెడితే చాలు, ముక్కు దానంతటదే తిరిగినట్టుంటుంది. పక్క సీటు ఖాళీగా ఉన్నప్పుడూ నిండినప్పుడూ బండి ఒకేలా ఉండదు. బావమరిది 90 కిలోలు, అంటే బండి బరువులో పదో వంతు పైనే. వాడు టీకి దిగి నడుస్తుంటే నేనొక్కణ్ణే అర మైలు వెళ్లొచ్చాను, తేడా వెంటనే తెలిసింది. ఈ మాట వాడికి నచ్చలేదు.

డెవిల్స్ బ్రిడ్జ్ దగ్గర ఒకదానిమీద ఒకటి కట్టిన మూడు వంతెనలున్నాయి. పై నుంచి చూస్తే సరిగ్గా అర్థం కాదు, కిందకి మెట్లు దిగాల్సిందే. అక్కణ్ణుంచి అబరిస్ట్విత్ వెళ్లి, సముద్రం పక్కన కాసేపు నిలబడి, ఉత్తరానికి తిరిగాం. డోల్గెత్లై దాకా ఏ487లో లారీల వెనకే వెళ్లాం. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

వాన అక్కడే మొదలైంది. ఎలీజ్ టాపు వేయడం ఒక ప్రహసనం. డిక్కీలో చుట్టిపెట్టిన గుడ్డ తీయాలి, రెండు కమ్మీలు తీయాలి, అద్దం పైనుంచి వెనక బార్ దాకా ఒక్కో పక్క ఒక్కో కమ్మీ బిగించాలి, గుడ్డని పరిచి అంచులు లోపలికి దోపి, లాచీలు నొక్కాలి. ఎండ పూట ప్రాక్టీసు చేసినప్పుడు తీరుబడిగా అయిపోతుంది. వానలో, రోడ్డు పక్క లే-బైలో, లారీలు నీళ్లు చిమ్ముతుంటే అదే పని యుగంలా అనిపిస్తుంది. అన్నీ సరిగ్గా బిగించినా అద్దం మూల నుంచి ఒక చుక్క వస్తుంది, సరిగ్గా డ్రైవర్ కుడి మోకాలి మీద పడుతుంది. ఎలీజ్ ఉన్నవాళ్ల దగ్గర ఒక తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. టాపు వేశాక దిగడం ఇంకో విద్య. తలుపు కింద గడప అంత వెడల్పుంటుంది కాబట్టి ముందు ఒక కాలు బయటపెట్టి, గడప మీద కూర్చుని, తల వంచి, తర్వాత రెండో కాలు లాగాలి. పక్కన ఇంకో కారు దగ్గరగా ఆపి ఉంటే తలుపు సగమే తెరుచుకుంటుంది, ఇక చెప్పక్కర్లేదు.

“బావా, ఎక్కడం నేర్పావు సరే, దిగడం కూడా నేర్పి తీసుకురావాల్సింది” అన్నాడు వాడు, పబ్ ముందు నలుగురు చూస్తుండగా నేలమీద చేతులు ఆనించి.

బసల విషయానికొస్తే, మేం మూడు రకాలూ చూశాం. మొదటిది కొండవాలు మీద ఫామ్‌హౌస్ బీ అండ్ బీ, అంటే గదీ పొద్దున టిఫినూ ఇచ్చే ఇల్లు. ఆవిడ పెట్టిన బ్రేక్‌ఫాస్ట్, కిటికీలోంచి లోయ, రెండూ నంబర్ వన్. కానీ దారి నుంచి ఇంటిదాకా కంకర బాట, మధ్యలో గుంతలు, చివర గేటు దగ్గర పదునైన ఎత్తు. ఎలీజ్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ జానెడు కూడా లేదు. బావమరిది ముందు నడుస్తూ చేతులూపి దారి చూపిస్తే, అడ్డంగా ఒక్కో చక్రం ఎక్కించుకుంటూ వెళ్లాను. అయినా కిందేదో గీసుకున్న చప్పుడు వచ్చింది. ఈ కారులో ముందు బాడీ అంతా ఒకే పెద్ద ముక్క, క్లామ్ అంటారు. మూల పగిలితే ఆ మూల ఒక్కటే మార్చడానికి ఉండదు. ఫైబర్‌గ్లాస్ తెలిసినవాళ్లతో అతుకు వేయించాలి, లేదా మొత్తం మార్చాలి. మొత్తం అంటే రంగుతో కలిపి వేల పౌండ్ల మాట. అందుకని ఆ రాత్రి వ్యూ కంటే గేటే ఎక్కువ గుర్తొచ్చింది.

రెండోది పాత కోచింగ్ ఇన్. గదులు ఇరుకు, మెట్లు కిర్రుమంటాయి, కింద పబ్‌లో రాత్రి పదకొండు దాకా గోల. కానీ ఒకప్పుడు గుర్రబ్బళ్లు ఆపిన లోపలి ఆవరణ ఉంది, సమతలంగా, రాత్రికి గేటు వేస్తారు. గుడ్డ టాపు కారుకి ఇంతకంటే ఏం కావాలి? ఎవరైనా బ్లేడుతో కోసి సీటు కింద చెయ్యిపెడతారన్న టెన్షన్ లేకుండా నిద్రపోయాం. మూడోది రౌండబౌట్ పక్క చెయిన్ హోటల్. గది ఎక్కడైనా ఉండే గదే. కార్ పార్కింగ్‌లో వరసగా స్పీడ్ బంపులు, స్లాట్లు ఇరుకు. ఒక మూలన, గోడ పక్కన చోటు దొరికే దాకా రెండు చుట్లు తిరిగాం. ఇలాంటి కారుతో వెళ్లేవాళ్లు బుకింగ్ ముందు ఒక ఫోన్ కొట్టి “పార్కింగ్ తారా, కంకరా? గేటు దగ్గర ఎత్తు ఉందా?” అని అడగడం మంచిది. ఫామ్‌హౌస్ ఆవిడని అడిగి ఉంటే నిజం చెప్పేదే, మంచావిడ.

సామాను సంగతి: డిక్కీ ఇంజిన్ వెనక ఉంటుంది. సూట్‌కేస్ దూరదు, మెత్తటి బ్యాగులే. పైగా వేడి. అబరిస్ట్విత్‌లో కొన్న చాక్లెట్లు రాత్రికి పాకమయ్యాయి. మందులు, కెమెరా బ్యాటరీలు అక్కడ పెట్టొద్దు.

పెట్రోలు కూడా చూసుకోవాలి. ట్యాంకు పట్టేది 40 లీటర్ల పైచిలుకే. బరువు తక్కువ కాబట్టి తాగడం కూడా తక్కువే, ఈ విషయంలో స్పోర్ట్స్ కారు అని ఎవరూ నమ్మరు. కానీ కొండల్లో బంకులు దూరదూరంగా ఉంటాయి, చిన్న ఊళ్లలోవి సాయంత్రానికే మూసేస్తారు. సగం ట్యాంకు ఉండగానే నింపుకోండి.

సర్వీసుల్లో మాకు చేదుగా మిగిలింది టైరు వ్యవహారం. బాలా అనే ఊరు చేరేలోపు ఎడమ ముందు టైరులో గాలి తగ్గుతోందని స్టీరింగే చెప్పింది. ఎలీజ్‌లో స్టెప్నీ ఉండదు, బరువు కోసం తీసేశారు. బ్రేక్‌డౌన్ సర్వీసుకి ఫోన్ చేసి స్టెప్నీ లేదని ఒకటికి రెండుసార్లు చెప్పాను. వచ్చినాయన వ్యాన్ దిగుతూ అడిగిన మొదటి మాట “స్పేర్ ఎక్కడుంది?” గాలి కొట్టించుకుని టైర్ల షాపు దాకా పాక్కుంటూ వెళ్లాం. ముందు టైరు 175/55 ఆర్16, వెనకది 225/45 ఆర్17. ముందు సైజు ఆ షాపులోనే కాదు, చుట్టుపక్కల ఎక్కడా లేదు. అదృష్టం బాగుండి మేకు మధ్యలో దిగింది కాబట్టి ప్యాచ్‌తో పోయింది. ఇక జాకీ కిందకి దూరలేదు. షాపు కుర్రాడు రెండు చెక్కపలకలు తెచ్చి వేశాడు, వాటి మీదకి బండి ఎక్కించాక జాకీ సరిపోయింది. ఎక్కడ పడితే అక్కడ ఎత్తితే చాసిస్ పాడవుతుంది కాబట్టి జాకీ పాయింట్లు నేనే వంగి చూపించాను. కుర్రాడు ఓపికమంతుడు, పని అయ్యాక సీట్లో కూర్చుని ఫొటో దిగాడు.

ఈ కారుకి ఎక్కడికెళ్లినా దక్కే మర్యాద అది. ఖరీదైన జర్మన్ కారులో వెళ్తే పక్కవాడు దారివ్వడు, ఇందులో వెళ్తే చెయ్యి ఊపుతాడు.

బాలా చుట్టూ రెండు దారులున్నాయి, వాటిని కలిపి చూడొద్దు. బులఖ్-ఎ-గ్రోస్ కనుమ 545 మీటర్ల ఎత్తు, వేల్స్‌లో చాలా ఎత్తయిన తారు రోడ్లలో ఒకటి. ఫొటోలకి అద్భుతం, ఎలీజ్‌కి అనవసరం. ఒకే లేన్, నిట్టనిలువు ఎక్కుడు, ఎదురుగా వ్యాన్ వస్తే గడ్డిలోకి వెనక్కి నడపాలి. వెనక అద్దంలోంచి కనిపించేది అంతంతమాత్రం. బాలా నుంచి ట్రాస్‌వనిత్ వెళ్లే ఏ4212 దీనికి పూర్తిగా వేరు. వెడల్పుగా ఉంటుంది, మలుపు చివర దాకా కనిపిస్తుంది, తారు నున్నగా ఉంది. ఇంజిన్ 6 వేల ఆర్‌పీఎం దాటాక, వాల్వుల్ని తెరిచే క్యామ్ మారి, గొంతు మార్చుకుంటుంది. ఆ చప్పుడు రెండో గేరులోనే చట్టం దాటకుండా వినొచ్చు. ఈ మొత్తం ట్రిప్పులో నాకు నచ్చిన రోడ్డు ఇదే.

బెథ్‌గెలర్ట్ నుంచి ఏ498 మీద రెండు చెరువుల పక్కగా పైకెళ్తే లాన్‌బెరిస్ కనుమ. అందం గురించి కొత్తగా చెప్పేదేం లేదు, కానీ సీజన్‌లో ఇది డ్రైవింగ్ రోడ్డు కాదు, క్యూ. కనుమ పైనున్న పెన్-ఎ-పాస్ పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. పొద్దున్నే ఏడుకల్లా దాటితే సుఖం. డెన్‌బీ మూర్స్ అనే బంజరు కొండనేల మీద ఏ543 బాగుంటుంది కానీ కార్ల పత్రికల పుణ్యమా అని పోలీసులకీ బాగా తెలిసిన రోడ్డు. ఇంకో మాట: 2023 సెప్టెంబరు నుంచి వేల్స్ ఊళ్లలో మామూలు స్పీడ్ లిమిట్ 20 మైళ్లే. ఎలీజ్‌లో రోడ్డుకి అంత దగ్గరగా కూర్చుంటాం కాబట్టి 20 కూడా వేగంగానే అనిపిస్తుంది.

కొనాలని అడిగేవాళ్లకి నా లెక్క ఇది. తయారీ ఆగిపోయింది కాబట్టి బాగా చూసుకున్న బండి ధర పెద్దగా తగ్గదు. బ్రేకులు, టైర్లు తేలిక బండికి ఎక్కువకాలం వస్తాయి. కానీ రేడియేటర్ మార్చాలన్నా ముందు క్లామ్ విప్పాలి, అంటే పార్టు ఖర్చు కంటే కూలి ఎక్కువ. వెనక చక్రాల్ని తిన్నగా పట్టి ఉంచే టో-లింకులు అరిగాయేమో క్రమం తప్పకుండా చూపించాలి, విరిగితే ప్రాణాల మీదకొస్తుంది. ఇంట్లో ఇంకో కారు లేకపోతే వద్దనే అంటాను. ఇదే రూటు సుఖంగా తిరగాలనుకుంటే మాజ్డా ఎంఎక్స్-5 చాలు. ఒక్క చేత్తో టాపు పడుతుంది, బ్యాగులు పడతాయి, మోకాలు తడవదు. ఏ4212 మీద మాత్రం ఎలీజ్ ఇచ్చినంత ఇవ్వదు.

ఆ తేడాకి ఇన్ని తిప్పలు పడొచ్చా అంటే నేను పడతాను, బావమరిది పడడు. మీరు ఏ జట్టో తెలియాలంటే కొనేముందు రెండు రోజులు అద్దెకి తీసుకోండి. టాపు వేసి ఉంచి, సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో రెండు కార్ల మధ్య ఆపి, చేతిలో సంచులతో ఎక్కి దిగి చూడండి.