విదేశీ ప్రదర్శనకు ఫ్రెంచి చిత్రాలు: తైలవర్ణమా, పాస్టెలా?

పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు షార్దాఁ తైలవర్ణాలూ, పాస్టెళ్లూ రెండూ వేశాడు. 1728లో ఫ్రెంచి రాజ చిత్రకళా అకాడమీలో ప్రవేశం తెచ్చిన తైలవర్ణం ‘లా రే’, 1771, 1775 నాటి పాస్టెల్ స్వీయచిత్రాలు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలోనే ఉన్నాయి. దేశం దాటించాలంటే మాత్రం రెండింటి లెక్కలూ వేరు.

తైలవర్ణం ఓర్చుకుంటుంది. నురుగు పరిచిన చెక్కపెట్టెలో నిలువుగా పెడతారు. కుదుపులకు కాన్వాస్ డప్పు చర్మంలా అదురుతుంది. పాత రంగు పొరలు పెచ్చులూడేది అందుకే. చట్రం వెనక గట్టి అట్ట బిగిస్తే అదురు తగ్గుతుంది. గమ్యం చేరాక పెట్టెను 24 గంటలు తెరవకూడదు, లోపలి వేడి, తేమ గదితో మెల్లగా కలవాలి. వెలుతురు 150–200 లక్స్ (కాంతి తీవ్రత కొలమానం) చాలు. 260×325 సెంటీమీటర్ల ఫ్రెంచి చిత్రకారుడు దెలక్రువా తైలవర్ణం ‘ప్రజలను నడిపిస్తున్న స్వేచ్ఛ’ను 1999లో టోక్యోకు నిలువుగానే తీసుకెళ్లారు, అదీ ఎయిర్‌బస్ బెలూగా అనే భారీ సరుకు విమానంలో!

పాస్టెల్ అంటే దాదాపు జిగురు లేని పొడి. కాగితం గరుకే దాన్ని పట్టి ఉంచుతుంది. పొడిని అంటించి ఉంచే ద్రావణం (ఫిక్సేటివ్) చల్లితే రంగు ముదురుతుంది. కాబట్టి బొమ్మ పైకి ఉండేలా పడుకోబెట్టి పంపడం మేలు. మామూలు అక్రిలిక్ పలక వేస్తే స్థిరవిద్యుత్తు పొడిని లాగేస్తుంది. గాజు వేస్తే పగిలే భయం. పగిలినా ముక్కలు రాలకుండా మధ్యలో ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ గాజే నయం. వెలుతురు 50 లక్స్ దాటకూడదు, సుమారు మూడు నెలల ప్రదర్శన తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో ఉంచాలి. రాలిన పొడిని మళ్లీ అంటించలేం.

మూడు నాలుగు నగరాలు తిరిగే ప్రదర్శనైతే తైలవర్ణాలే పంపాలి. పాస్టెల్‌కు ఒకే మజిలీ, అదీ తప్పనిసరైతేనే.