షీట్‌లో కరెన్సీకో రంగు: గుర్తును బట్టి వేయాలా, కోడ్‌ను బట్టి వేయాలా?

డాలర్లు, యూరోలు, యెన్లు ఒకే కాలమ్‌లో కలిసిపోయిన షీట్ చూడగానే, కరెన్సీకో రంగు వేసేద్దాం అనిపిస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే కండిషనల్ ఫార్మాటింగ్, అంటే షరతును బట్టి సెల్‌కు రంగు వేసే సదుపాయం, దేన్ని చూసి ఆ రంగు వేయాలి? సెల్‌లో కనిపించే గుర్తునా, పక్క కాలమ్‌లో రాసుకున్న USD లాంటి కోడ్‌నా?

గుర్తుతో అయితే కొత్త కాలమ్ అక్కర్లేదు, అందుకే చాలామంది అటే వెళ్తారు. కానీ ఎక్సెల్‌లో 'ఈ టెక్స్ట్ ఉంటే' అనే రూల్‌లో € ఇచ్చి చూడండి, ఒక్క సెల్‌కూ రంగు పడదు. ఫార్మాట్ వల్ల వచ్చిన € పైకి కనిపించడానికే. €50 అని కనిపించే సెల్ లోపల ఉన్నది ఉత్త 50, రూల్ చూసేది ఆ 50నే. పోనీ గుర్తును కూడా టెక్స్ట్‌గా టైప్ చేస్తే రంగు పడుతుంది. కానీ సమ్ ఫార్ములా ఆ సెల్‌ను లెక్కలోకే తీసుకోదు. టోటల్ తగ్గిపోతుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఈ పని అసలు చేయొద్దు.

గూగుల్ షీట్స్‌లో కాస్త నయం. అక్కడ టూ_టెక్స్ట్ ఫంక్షన్ అంకెను ఫార్మాట్‌తో సహా టెక్స్ట్‌గా మారుస్తుంది, అందులో € ఉందో లేదో రెగెక్స్‌మ్యాచ్ అనే, టెక్స్ట్‌లో వెతికే ఫంక్షన్‌తో చూడొచ్చు. $ విషయంలో మాత్రం జాగ్రత్త. దాన్ని నేరుగా ఇస్తే 'టెక్స్ట్ చివర' అనే అర్థం వచ్చి ప్రతి సెల్‌కూ రంగు పడిపోతుంది. ముందు \ పెట్టాలి. అది సరిచేసినా అసలు చిక్కు తీరదు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ డాలర్లన్నిటికీ $ గుర్తే. జపాన్ యెన్‌కూ చైనా యువాన్‌కూ ¥ గుర్తే. రెండు వేర్వేరు కరెన్సీలకు ఒకే రంగు పడితే, రంగు చూసి ధీమాగా ఉంటాం కాబట్టి, అసలు రంగు లేకపోవడం కన్నా అదే ప్రమాదం.

నంబర్ ఫార్మాట్‌లోనే రంగు పేరు రాసే పద్ధతి కూడా ఒకటుంది. దాంతో మారేది అక్షరాల రంగే, సెల్ రంగు కాదు.

నా ఓటు కోడ్‌కే. A కాలమ్‌లో మొత్తం, B కాలమ్‌లో USD, CAD, JPY లాంటి ఐఎస్ఓ 4217 కోడ్ (కరెన్సీలకు అంతర్జాతీయంగా వాడే మూడక్షరాల కోడ్) ఉంచండి. రెండో వరుస నుంచి మొత్తాలన్నీ సెలెక్ట్ చేసి, ఫార్ములా రూల్‌లో =$B2="USD" అని ఇవ్వాలి. ఇక్కడి $ డాలర్ గుర్తు కాదు, కాలమ్ మారకుండా ఆపేది; అది B ముందే ఉండాలి. 2 ముందు కూడా పెడితే అన్ని సెల్స్ రెండో వరుసలోని కోడ్‌నే చూసి ఒకే రంగు తెచ్చుకుంటాయి. ఎక్సెల్‌లో అయితే అదే రూల్‌లో నంబర్ ఫార్మాట్ కూడా ఇవ్వొచ్చు, అప్పుడు గుర్తు కూడా కోడ్‌ను బట్టే వస్తుంది. 2007 వెర్షన్‌కు ముందు ఒక సెల్‌కు 3 షరతులే పెట్టగలిగేవాళ్లం. ఇప్పుడా ఇబ్బంది లేదు.

నాకు రంగు కన్నా పెద్ద లాభం టోటల్స్ దగ్గర కనిపిస్తుంది. డాలర్లూ యెన్లూ ఒకే కాలమ్‌లో ఉంటే సమ్ ఫార్ములా రెండింటినీ కలిపేసి, దేనికీ పనికిరాని ఒక అంకె చూపిస్తుంది. కోడ్ ఉంటే, షరతుకు సరిపోయే అంకెల్నే కూడే సమ్‌ఇఫ్‌తో ఏ కరెన్సీకి ఆ టోటల్ వస్తుంది. సీఎస్‌వీగా, అంటే ఉత్త టెక్స్ట్ ఫైల్‌గా, సేవ్ చేస్తే రంగులు పోతాయి, కోడ్ మిగులుతుంది.

ఇబ్బంది కోడ్ టైప్ చేసేటప్పుడే. చివర ఒక్క స్పేస్ పడినా రూల్ పనిచేయదు. అక్షరాలు చిన్నవైనా పెద్దవైనా ఫర్వాలేదు కానీ స్పేస్‌ను మాత్రం అది క్షమించదు. అందుకే కోడ్ కాలమ్‌కు డ్రాప్‌డౌన్ పెట్టేయండి.

మరి వేరేవాళ్లు పంపిన షీట్‌లో గుర్తులు తప్ప కోడ్ లేకపోతే? దాన్ని గూగుల్ షీట్స్‌లో తెరిచి టూ_టెక్స్ట్ రూల్‌ను ఒక్కసారికి వాడుకోవచ్చు. రంగును బట్టి ఫిల్టర్ చేసి కోడ్ కాలమ్ నింపండి, $, ¥ ఉన్న వరుసలు ఏ దేశానివో పంపినవాళ్లనే అడిగి రాయండి, తర్వాత ఆ రూల్ తీసేయండి.